వెయ్యని రోడ్ల కథ

అమెరికాలో నగరాల చరిత్ర చాలామటుకు వేసిన రోడ్ల చరిత్రే. ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ కథ అర్థం కావాలంటే మాత్రం అక్కడ వెయ్యకుండా ఆపేసిన రోడ్ల గురించి కూడా తెలుసుకోవాలి.

1943లో ఆ ఊరివాళ్ళు న్యూయార్క్ నుంచి రాబర్ట్ మోజెస్‌ని పిలిపించి ప్లాను రాయించుకున్నారు. రోడ్లు వేస్తే ఊరు బాగుపడుతుందని అందరూ నమ్మిన రోజులవి. ఆ నమ్మకంలోంచి పుట్టిందే మౌంట్ హుడ్ ఫ్రీవే. అది రావాలంటే ఆగ్నేయ పోర్ట్‌లండ్‌లో వెయ్యికి పైగా ఇళ్ళు కూల్చాలి. ఆ పేటలవాళ్ళు ఎదురు తిరిగారు. 1974లో నగర కౌన్సిల్ ఆ రోడ్డుని రద్దు చేసింది. ఫ్రీవేకని కేటాయించిన డబ్బుని ప్రజా రవాణాకి మళ్ళించుకోవచ్చని అంతకు ముందు ఏడే ఫెడరల్ చట్టం వచ్చింది. అలా మళ్ళిన డబ్బులో కొంత 1986లో గ్రెషమ్ దాకా మొదలైన ‘మాక్స్’ రైలుకి చేరింది.

ఈలోగా ఇంకో పని జరిగింది. గవర్నర్ టామ్ మెకాల్ హయాంలో, 1973లో, రాష్ట్రం భూవినియోగ చట్టం తెచ్చింది. ప్రతి ఊరూ తన చుట్టూ ఒక హద్దు గీసుకోవాలి. లోపల ఊరు, బయట పొలాలు, అడవులు. పోర్ట్‌లండ్ ప్రాంతానికి 1979లో ఆ గీత పడింది.

అసలు పరీక్ష 1980ల చివర్లో వచ్చింది. పడమటి శివార్లలో ట్రాఫిక్ పెరిగిపోతోంది కాబట్టి ‘వెస్టర్న్ బైపాస్’ అనే కొత్త హైవే కావాలన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎన్ని కార్లుంటాయో లెక్కలు కట్టి చూపించారు. ‘థౌజండ్ ఫ్రెండ్స్ ఆఫ్ ఆరెగన్’ అనే సంస్థ ఆ లెక్కల కిందున్న ఊహని పట్టుకుంది. రోడ్డు వేసినా వెయ్యకపోయినా ఇళ్ళూ ఆఫీసులూ ఒకేలా విస్తరిస్తాయని ఎలా అనుకున్నారు? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా కట్టని ఇళ్ళకి అప్పుడే హైవే!

ఊరికే ప్రశ్నించి వదల్లేదు. పీటర్ కాల్తోర్ప్ వంటి నిపుణులతో ‘లూట్రాక్’ అనే ప్రత్యామ్నాయాన్ని తయారు చేయించారు. రైలు స్టేషన్ల చుట్టూ ఇళ్ళు, దుకాణాలు, ఆఫీసులు దగ్గర దగ్గరగా కట్టి, నడవడానికి వీలైన వీధులు వేస్తే ఎలా ఉంటుందో లెక్క కట్టారు. రద్దీ తగ్గించడంలో అది బైపాస్‌కి తీసిపోదని తేలింది. రోడ్ల శాఖ కూడా తన అధ్యయనంలో దానికి చోటివ్వక తప్పలేదు. చివరికి బైపాస్ ఆగిపోయింది. 1995లో ప్రాంతీయ ప్రభుత్వం ‘మెట్రో’ ఆమోదించిన 2040 ప్రణాళికలో ఇదే ఆలోచన కనిపిస్తుంది. 1998లో రైలు హిల్స్‌బరో చేరింది. దారిలో ఒరెంకో స్టేషన్ చుట్టూ ఏకంగా ఒక పేటే లేచింది. పక్కనే ఇంటెల్. అక్కడ పని చేసే తెలుగువాళ్ళెందరికో ఆ చుట్టుపక్కల వీధులు బాగా తెలుసు.

మరి రద్దీ పోయిందా? పోలేదు. 26వ నంబరు హైవే మీద పొద్దున్నే కార్లు ఇప్పటికీ బారులు తీరుతూనే ఉంటాయి. హద్దు గీయడం వల్లే ఇళ్ళ ధరలు పెరిగాయన్న తగువూ తీరలేదు. కానీ ఆ హద్దు దాటగానే ఈ రోజుకీ పొలాలు కనిపిస్తాయి.

ట్రాఫిక్ అంచనాని జాతకంలా చదవక్కర్లేదని ఈ చరిత్ర చెబుతుంది. రేపు ఎన్ని కార్లుంటాయన్నది ఇవాళ ఇళ్ళు ఎక్కడ కట్టనిస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ నిర్ణయం ఎవరో ఒకరు ఎలాగూ తీసుకుంటారు. అది నలుగురి ముందు జరిగిందా, లెక్కల చాటున జరిగిందా అన్నదే తేడా.