వేసవి సెలవులు - స్వేచ్ఛాపఠనము

పరీక్షలు ముగిసినంతనే పాఠ్యపుస్తకములను అటుక మీద పడవేసి, గ్రంథాలయము గడప త్రొక్కిన బాలునికి ఏ పుస్తకము నీయవలెను? పెద్దలు పట్టిక వ్రాసి చేతికీయవలెనా, లేక బీరువా తెరచి అతనినే వెదకికొమ్మనవలెనా? ప్రశ్న చిన్నదిగనే కనబడును. కాని హైదరాబాదు సీమలో తెలుగు చదువు నిలిచిన చరిత్ర దీనితో ముడివడియున్నది.

1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు మున్నగువారు దానికి ఊపిరి పోసిరి. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రుని పేర మరియొక నిలయము ఏర్పడినది. గోలకొండ చెంతనున్న షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి కలదు. బాటసారికి సరాయి యెట్టిదో, ఆ కాలపు తెలుగు చదువరికి ఈ నిలయములు అట్టివి.

ఏలయన నాడు రాజభాష ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. దేశభాషలో ఉన్నతవిద్య గరపుట ఘనమైన సాహసమే. అయినను పల్లె నుండి వచ్చిన తెలుగు బాలునికి అది ఇంటి మాట కాదు. 1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు అల్లరి చేసిరి. ఆ అవమానము నుండి ఆంధ్ర జన సంఘము పుట్టినది. గ్రంథాలయములను, పఠనమందిరములను స్థాపించుట ఆ సంఘము పెట్టుకొన్న ఆశయములలో నొకటి.

తెలుగు పుస్తకము చదివినంత మాత్రమున సర్కారు కొలువు దొరకెడి రోజులు కావవి. అయినను యువకులు చదివిరి. ఎవరును విధింపని చదువు గనుకనే చదివిరనుట సాహసము కాదు. 1906లో ఆరంభమైన విజ్ఞానచంద్రికా మండలి తొలుదొల్త వెలువరించినది పురాణమును కాదు, ప్రబంధమును కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కట్టెల గుడిసెలో పుట్టి, ఎరువు తెచ్చుకొన్న పుస్తకములతో చదువుకొన్న ఆ దొర కథ ఏ పంతులును చదువుమని చెప్పని కథ.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము ఇంకను దగ్గరి నిదర్శనము. నల్లగొండ జిల్లాలో పేదయింట పుట్టి, బడిచదువు సరిగా సాగక, ఒకరి యింట వంట చేయుచు, పిదప హోటలులో పనిచేయుచు ఆయన అక్షరమును సంపాదించెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించెను. పుస్తకములను తానే మోసికొనిపోయి అమ్మెను. తరువాత "ప్రజల మనిషి" నవలను రచించెను. ఏ తరగతి పట్టికయు ఆయనను తీర్చలేదు.

నవలలు పిల్లలను చెరచునని, బీరువా తెరచియుంచిన పుస్తకములు చిరుగునని, పోవునని పెద్దలు వెరచుట సహజము. ఆ నష్టము లేకపోలేదు. కాని తాళము వేసిన బీరువాలో చెదలు తినుటయు నష్టమే కదా! 1931లో గ్రంథాలయశాస్త్రమునకు పంచసూత్రములు కూర్చిన రంగనాథన్‌గారు పాఠకుని నేరుగా అరల యొద్దకు పోనిచ్చు పద్ధతినే గట్టిగా సమర్థించిరి. వెదకుచు వచ్చినవానికి, తాను వెదకని మంచి గ్రంథము కూడ కంటబడుననుట అందలి కిటుకు.

పట్టిక బొత్తిగా కూడదని కాదు. అడిగినవానికి దారి చూపుట గ్రంథపాలకుని విధి. అడుగకమున్నే దారి మూయుట మాత్రము కాదు. సగము చదివి, రుచింపలేదని మూడవనాడే తిరిగి తెచ్చిన బాలుని మందలింపనేల? వేసవి రెండు నెలలైనను ఒకరికి ఒకే పుస్తకమను నిబంధనను సడలించి రెండేసి మూడేసి ఈయవచ్చును. ఒకటి నచ్చకున్న, ఎండవేళ ఇల్లు కదలనక్కరలేకయే రెండవది చేతనుండును.