బిల్లు మీద పేరు

ఇలా వచ్చి ఈ పీట మీద కూర్చో అమ్మడూ. భోగి మంట నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి, కాగులో నీళ్ళు కాగడానికి ఇంకాసేపు పడుతుంది. పండగ వెళ్ళగానే నోయిడాలో దిగి ఒక్కదానివే ఫ్లాటులో ఉంటావట, మీ అమ్మ దిగులు పడుతోంది. నాకా దిగులు లేదు. అయితే ఆ పక్కనే ఢిల్లీలో పొయ్యి వెలిగించుకోవడానికీ, దీపం పెట్టుకోవడానికీ మేం పడ్డ పాట్లు నీకు తెలియాలి.

నేను కాపరానికి వెళ్ళింది 1972లో. బెజవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మీ తాతయ్యది సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తా ఉద్యోగం. క్వార్టర్ కోసం పేరు రాయించుకున్నారు గానీ వంతు రావాలంటే ఏళ్ళు పట్టే రోజులవి. అందుకని కరోల్‌బాగ్‌లో బర్సాతీ తీసుకున్నారు. అంటే మేడ మీద ఒంటి గది, దాని ముందు కాస్త డాబా. ఎండాకాలం డాబా మీద పడుకునేవాళ్ళు వాన రాగానే పక్కలు లోపలికి లాక్కోవడానికి కట్టుకున్న గది. అదే మాకు వంటిల్లు, పడకటిల్లు, దేవుడి మూల. కరెంటుకు వేరే మీటరు లేదు, ఇంటాయన చెప్పిందే లెక్క. నీళ్ళు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేవి. మేడ మీదికి ఎక్కేవి కావు. కింద కుళాయి దగ్గర పట్టి రెండంతస్తులు మోసుకొచ్చేదాన్ని.

పొయ్యి సంగతి విను. అక్కడ అంగీఠీ అనేవారు. మన కుంపటి లాంటిదే గానీ దానిలో వేసేది రాతిబొగ్గు. పాత ఇనప బాల్టీ తీసుకుని, అడుగున పక్కకి చిన్న కిటికీ కోసి, మధ్యలో ఇనప కడ్డీలు అడ్డంగా దూర్చి, లోపలంతా గడ్డి కలిపిన మట్టితో మెత్తేవారు. కడ్డీల మీద ముందు పిడకల ముక్కలు, పుల్లలు, వాటి మీద బొగ్గు. కింద కిటికీలోంచి అంటించి విసనకర్రతో విసురుతూ కూర్చోవాలి. మొదట దట్టంగా పచ్చటి పొగ లేస్తుంది. ఆ పొగంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే గదిలోకి తేవాలి. తెల్లారుజామున వీధిలో ప్రతి గడప ముందూ ఒక బాల్టీ పొగలు కక్కుతూ ఉండేది. బొగ్గు, కట్టెలు అమ్మే అడితిని అక్కడ టాల్ అంటారు. అక్కడ మిగిలిన బొగ్గుపొడిని చవగ్గా తెచ్చి, పేడ కలిపి ఉండలు చేసి డాబా మీద ఎండబెట్టుకునేవాళ్ళం.

ఒక మాట గుర్తుపెట్టుకో. చలికాలం అక్కడ ఎముకలు కొరుకుతుంది. ఎవరేం చెప్పినా తలుపులు మూసిన గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకోకు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగుండదు, వాసనుండదు. అలా నిద్దట్లోనే పోయినవాళ్ళ వార్త ఇప్పటికీ ప్రతి చలికాలం పేపర్లో చూస్తూనే ఉన్నాను.

మేం దిగిన రోజుల్లో మా వీధిలో ఒక గుంటూరు ఆవిడ ఉండేది. మనకేమీ చుట్టం కాదు. తెలుగు మాట వినబడి మెట్లెక్కి వచ్చింది. "మీ పొయ్యి కుదురుకునేదాకా మా ఇంట్లోనే భోజనం వదినా" అని చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. ఏ టాల్‌లో తూకం సరిగ్గా ఉంటుందో, పాల కార్డుకి ఏ బూత్ దగ్గర నిలబడాలో ఆవిడే చూపించింది. ఢిల్లీ మిల్క్ స్కీమ్ పాలు సీసాల్లో వచ్చేవి. మదర్ డెయిరీ తర్వాత 1974లో వచ్చింది, టోకెన్ వేస్తే మిషన్ పాలు పోసేది. ఆవిడ ఇంటికి మేం ఎంతో బాకీ ఉన్నాం, తీర్చనూ లేదు. మా తర్వాత వచ్చినవాళ్ళకి అదే చేశాం.

కిరసనాయిలు కావాలంటే రేషన్ కార్డు కావాలి. రేషన్ కార్డుకి ఊళ్ళో పేరు తీసేసినట్టు కాగితం కావాలి. అది మీ ముత్తాతగారు ఊళ్ళో ఆఫీసు చుట్టూ తిరిగి పోస్టులో పంపారు. ఢిల్లీలో ఇల్లున్నట్టు రుజువు కావాలి, అద్దె రసీదు ఇవ్వడానికి ఇంటాయనకి ఇష్టం లేదు. ఒక కాగితం కోసం ఇంకో కాగితం. చివరికి కార్డు వచ్చింది. ఇంటి యజమాని మీ తాతయ్య, కింద వరసలో నేను, పక్కన "భార్య" అని. అప్పుడు నాకేమీ అనిపించలేదు. లోకమంతా అలాగే ఉండేది.

కొన్నాళ్ళకు నేతాజీ నగర్‌లో క్వార్టర్ వచ్చింది. అది న్యూఢిల్లీ మునిసిపాలిటీ ప్రాంతం. కరెంటూ నీళ్ళూ రెండూ వాళ్ళవే. డిపాజిట్ కట్టాం, ఆ రసీదు కూడా తాతయ్య పేరునే. ఢిల్లీలో మిగతా చోట్ల చాలామటుకు డెసూ అనే కరెంటు సంస్థ ఉండేది, దాన్ని 1958లో పెట్టారు. 1997లో అది విద్యుత్ బోర్డు అయింది, 2002 జూలై 1న ప్రైవేటు కంపెనీల చేతికి వెళ్ళింది. నోయిడా సంగతి వేరు. అది ఉత్తరప్రదేశ్. గుర్‌గావ్ హర్యానా. మెట్రో ఎక్కితే మూడూ ఒకే ఊరిలా అనిపిస్తాయి గానీ కరెంటు ఆఫీసు, రేటు, రూలు ఎక్కడికక్కడే.

ఇక గ్యాసు. ఇండేన్ 1965లో వచ్చింది గానీ మా బోటివాళ్ళ వంటింటికి రావడానికి చాలా కాలం పట్టింది. పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు. ఎంపీలకు గ్యాసు కనెక్షన్ల కోటా ఉండేది, టెలిఫోన్లకీ ఉండేది. అందుకని నార్త్ ఎవెన్యూ, సౌత్ ఎవెన్యూల్లో మన ఎంపీల ఇళ్ళ ముందు తెలుగువాళ్ళు అర్జీలు పట్టుకుని నిలబడేవారు. మీ తాతయ్యకి అలా వెళ్ళి అడగడం ఇష్టం లేదు, వంతు వచ్చేదాకా ఆగారు. సిలిండర్ ఇంటికొచ్చిన రోజు నేను అంగీఠీ బాల్టీని కడిగి ఎత్తి పెట్టేశాను. చేతులకు మసి లేకుండా కాఫీ కలపడం ఎంత సుఖమో మీకెవరికీ తెలియదు.

మధ్యలో హైదరాబాదు బదిలీ అయింది. బదిలీ అయితే సిలిండరూ రెగ్యులేటరూ డీలరుకు అప్పగించాలి. కట్టిన డిపాజిట్ వెనక్కిచ్చి ఒక వోచర్ రాసిస్తారు. కొత్త ఊళ్ళో ఆ వోచర్ చూపించి మళ్ళీ డిపాజిట్ కడితే వరసలో నిలబడక్కర్లేకుండా కనెక్షన్ ఇస్తారు. అది పోతే మళ్ళీ మొదటికొస్తాం. సామానంతా లారీలో వేసి, ఆ ఒక్క కాగితం మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వెళ్ళాను. దాన్ని అంత జాగ్రత్తగా మోసింది నేనే, పేరు మాత్రం ఆయనది.

1999లో మన ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి వాళ్ళ పేరునే గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. ఆ తర్వాతి సంక్రాంతికి ఇక్కడికి వస్తే, మన పక్కింటి ఆవిడ పుస్తకం తెచ్చి చూపించింది. మొదటి పేజీలో ఆవిడ పేరే. రాజధానిలో అన్నేళ్ళు కాపరం చేసిన నా పేరున ఒక్క పుస్తకమూ లేదు. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక రేషన్ కార్డు మీద ఇంట్లో పెద్ద ఆడమనిషే యజమాని అన్నారు. మంచి పని చేశారు.

తాతయ్య పోయినప్పుడు తెలిసింది ఆ ఆలోచన బరువు. అప్పటికి మళ్ళీ ఢిల్లీకి వచ్చి సొంత ఫ్లాటులో ఉన్నాం. కరెంటు, నీళ్ళు, గ్యాసు, ఫోను, అన్నీ ఆయన పేరే. పన్నెండో రోజు వెళ్ళగానే మరణ ధ్రువీకరణ పత్రం నకళ్ళు తీయించుకుని, మీ నాన్న చేత, మీ అత్త చేత అభ్యంతరం లేదని రాయించుకుని, అఫిడవిట్లు పట్టుకుని తిరిగాను. ఒక కౌంటరులో కుర్రాడు "మీ పేరున ఉన్న బిల్లు ఏదైనా తెచ్చుకోండి మాతాజీ" అన్నాడు. వాడి మీద కోపం లేదు, రూలది. కానీ ఆ ఇల్లు నడిపింది నేను.

అందుకే చెబుతున్నాను. నీ ఫ్లాటులో మీటరు ఓనరు పేరునే ఉంటుంది. పెద్ద సొసైటీల్లో ముందుగా డబ్బు వేసుకునే మీటరు, అందులో గ్రిడ్ కరెంటుకి ఒక రేటు, జనరేటరుకి ఇంకో రేటు. కొన్నిచోట్ల మెయింటెనెన్సు కూడా దాన్లోంచే కోసేస్తారు, అడిగి తెలుసుకో. తాళాలు తీసుకునే రోజే రీడింగు ఫోటో తీసి ఓనరుకి పంపు. పాత బాకీ లేదని రాయించుకో. కొత్త కనెక్షన్ ఇవ్వడానికి ఆ చోటు తాలూకు పాత బాకీ కట్టమనే నిబంధన పెట్టడం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఢిల్లీ వైపు అయితే 2019లో అద్దెకున్నవాళ్ళకి ఓనరు ఒప్పుకోలు లేకుండానే ప్రీపెయిడ్ మీటరు ఇచ్చే పథకం పెట్టారు. నీకు అది వర్తించదు. కానీ అద్దె ఒప్పందం చూపించి గ్యాసు నీ పేరున తీసుకోవచ్చు, ఇంటర్నెట్టు కూడా. ఓనరు పాత సిలిండర్ ఉంది, వాడుకో అంటాడు. వద్దను. నోయిడాలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గంగ నీళ్ళతో కలిపి ఇస్తారు, తాగే నీళ్ళకి ఫిల్టరు చూసుకో.

తాతయ్య పోయాక నా కౌంటర్ల తిరుగుడంతా అయ్యాక ఒక నెల కరెంటు బిల్లు నా పేరున వచ్చింది. మీ నాన్న ఫోనులో కట్టేస్తానన్నాడు. ఒప్పుకోలేదు. ఆటో ఎక్కి వెళ్ళి, వరసలో నిలబడి, నేనే కట్టాను. ఆ బిల్లు నకలు తీసుకుని అటునుంచి అటే బ్యాంకుకి వెళ్ళి పెన్షన్ ఖాతాలో చిరునామా రుజువుగా ఇచ్చాను, గ్యాసు డీలరుకీ ఇంకో నకలు ఇచ్చాను. గ్యాసు పుస్తకం ఆ నెలాఖరుకే మారింది.