తోమినా పోని అంటు: స్టీలు గిన్నెల చరిత్ర నుంచి కొన్ని పుటలు

తెలుగులో అంటు అని ఒక మాట ఉంది. తిని వదిలేసిన కంచం అంటు. అలాంటివి నాలుగు పోగైతే అంట్లు. ఒకరి నుంచి ఒకరికి పాకేది అంటురోగం. చావు మైలని కొన్ని చోట్ల అంటు అనే అంటారు. అంటూ ముట్టూ అని జంటమాట కూడా ఉంది. ఇక ముట్టుకోకూడదని ఊరు తీర్మానించిన మనిషి అంటరానివాడు. వంటింటి పెరటికీ వెలివాడకీ ఇంత దగ్గర చుట్టరికం కలిపిన మాట ఇంకోటి లేదనుకుంటా. నిఘంటువు ఈ అర్థాలన్నిటినీ వరసగా రాసి ఊరుకుంటుంది. మనం ఊరుకోకూడదు. గిన్నెకి పట్టిన అంటు బూడిదేసి తోమితే పోతుంది, మనిషికి అంటగట్టిన అంటు ఎందుకు పోదు? ఆ మనిషి ముట్టిన గిన్నె సంగతేంటి? దాని అంటు పోతుందా, పోదా?

ఇది వినడానికి చిన్న ప్రశ్న. కానీ రెండువేల ఏళ్ల కిందటే దీన్ని చాలా శ్రద్ధగా చర్చించిన పండితులున్నారు. స్టీలు గిన్నె తళతళలాడుతూ ఉండాలంటే ఏం చెయ్యాలో పత్రికల్లో, టీవీల్లో సలహాలకి కొదవ లేదు. ఆ తళతళ ఎవరి చేతుల పని, ఆ చేతులకి ఆ గిన్నెలో తినే హక్కు ఉందా అనేది మాత్రం ఏ సలహాలోనూ కనపడదు. ఈ వ్యాసం దాని గురించి.

పాణిని వ్యాకరణంలో శూద్రుల పేర్ల సమాసం గురించి ఒక సూత్రం ఉంది. వెలివేయబడని శూద్రుల పేర్లు రెండు కలిపితే ఆ సమాసం ఏకవచనంలో ఉంటుందని అది చెప్తుంది. మరి వెలివేయబడనివాళ్లు ఎవరు? క్రీస్తుకి ముందు రెండో శతాబ్దం వాడని చెప్పే పతంజలి, మహాభాష్యంలో ఈ ప్రశ్న వేసుకున్నాడు. ఆర్యావర్తం నుంచి వెలిపడినవాళ్లా, ఆర్యుల ఊళ్ల నుంచా, యజ్ఞకర్మ నుంచా అని ఒక్కో గీతా గీసి చెరిపేసి చివరికి ఒకచోట నిలబడ్డాడు. ఎవరు తిన్న పాత్ర శుద్ధి చేస్తే మళ్లీ వాడుకోవచ్చో వాళ్లు ఈవలివాళ్లు. ఎవరు తిన్న పాత్ర ఎంత శుద్ధి చేసినా శుభ్రం కాదో వాళ్లు ఆవలివాళ్లు. వడ్రంగి, కమ్మరి, చాకలి, నేతగాడు ఈవలకొచ్చారు. చండాలురు, మృతపులు ఆవల పడ్డారు.

ఇక్కడ కాస్త ఆగాలి. అంటరానితనానికి గీటురాయిగా ఆయన పుట్టుకని తీసుకోలేదు, రంగుని తీసుకోలేదు, వృత్తిని కూడా తీసుకోలేదు. అంట్లు తోమడాన్ని తీసుకున్నాడు. తోమితే పోయే అంటు, తోమినా పోని అంటు. వెలివాడ సరిహద్దుని గిన్నె అడుగున గీశారు. మనుస్మృతి అయిదో అధ్యాయం లోహాల్ని బూడిదతో, మట్టితో, నీళ్లతో, పులుపుతో, క్షారంతో ఎలా శుద్ధి చెయ్యాలో వివరంగా చెప్తుంది. రసాయనంగా చూస్తే అందులో తప్పేం లేదు. పులుపు చిలుముని కరిగిస్తుంది, క్షారం జిడ్డుని వదిలిస్తుంది. అదే పుస్తకం పదో అధ్యాయంలోకి వచ్చేసరికి చండాలుడి దగ్గర ఆ రసాయనం పనిచెయ్యడం మానేస్తుంది. అతను పగిలిన పాత్రల్లో తినాలి, ఇనుప నగలు పెట్టుకోవాలి, అతను వాడిన పాత్రలు ఇంకెవరికీ పనికిరావు. బూడిద అదే, చింతపండు అదే. మారింది తిన్నవాడు.

ఇదంతా పాత పుస్తకాల్లో సంగతి అనుకుంటే పొరపాటు. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. ఇంట్లో మట్టిపాత్రలు తప్ప వేరేవి వాడకూడదన్నది వాటిలో ఒకటి. 1935 నవంబరులో గుజరాత్ అహ్మదాబాద్ జిల్లాలోని జాను అనే ఊళ్లో కాస్త కలిగిన ఇళ్ల అంటరాని స్త్రీలు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టినందుకు వాళ్లని కొట్టారు. కులనిర్మూలనలో అంబేడ్కర్ ఈ సంఘటనని ఎత్తి చూపాడు. ఆ బిందెలు ఎవరి ఇంట్లోనూ దొంగిలించినవి కావు, సొంత డబ్బుతో కొనుక్కున్నవి. నెత్తి మీద మెరిసిన ఆ లోహమే నేరమైంది. 1995 ఆగస్టు 31న తమిళనాడులోని కొడియంకుళంలో పోలీసులు దళితుల ఇళ్లలోకి చొరబడి టీవీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, ఇంటి సామాను పగలగొట్టారు. వస్తువులు మాట్లాడతాయని పెత్తందారులకి మనకంటే ముందే తెలుసు.

ఇప్పుడు స్టీలు దగ్గరికొద్దాం. అది రాకముందు పెద్దిళ్ల వంట రాగి, కంచు, ఇత్తడి పాత్రల్లో. ఇత్తడి, రాగి పులుపు తగిలితే చిలుమెక్కుతాయి, అందుకే లోపల తగరంతో కళాయి పోయించాలి. ఏడాది తిరిగేసరికి ఆ కళాయి అరిగిపోతుంది. రోజూ చింతపండు, బూడిద, ఇటుకపొడి, కొబ్బరిపీచు. ఈ చాకిరీ అంతా పెరట్లోనే. తోమే మనిషి నూతిదగ్గరికి వస్తుంది, పెరటి తలుపులోంచి పోతుంది. ఆమె తోమిపెట్టిన గిన్నెల మీద మళ్లీ నీళ్లు పోసి లోపలికి తీసుకుపోయే ఇళ్లు ఎన్నో. తోమిందెవరు? చాలాచోట్ల బీసీ కులాల స్త్రీలు. మాల మాదిగ స్త్రీలని ఆ పెరట్లోకి కూడా రానివ్వని ఊళ్లే ఎక్కువ. వాళ్లకి కొట్టం, పేడ, పొలం. వాళ్ల ఇళ్లలో కుండ, చట్టి, దాక, తర్వాత్తర్వాత సత్తు గిన్నె. అంటే అంట్లు తోమే చాకిరీలో కూడా మెట్లున్నాయి. మన ఐక్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టుకుని లాభం లేదు.

స్టెయిన్‌లెస్ స్టీలుని 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, గాలి తగిలిన వెంటనే పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఒకటి కట్టుకుంటుంది. కంటికి కనపడదు, మందం కొద్ది నానోమీటర్లే. గీరుకుపోతే గాలిలోని ఆక్సిజన్‌తో తనే మళ్లీ కట్టుకుంటుంది. కళాయి అక్కర్లేదు, చిలుము లేదు, చింతపులుసు కాగినా భయం లేదు. మంచి వంటపాత్రల్లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. చవక రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. మన దేశంలో సేలం ఉక్కు కర్మాగారానికి 1970లో శంకుస్థాపన జరిగింది, 1980ల మొదట్లో ఉత్పత్తి మొదలైంది. సేలం స్టీలు అనే మాట తెలుగు వంటింట్లోకి వచ్చింది అప్పుడే. ఆ మెరుపు వెనకాల ఆసిడ్ తొట్లున్నాయి. కొలిమిలోంచి వచ్చిన రేకు మీది నల్ల పొరని ఆసిడ్‌లో ముంచి తీస్తేనే తెల్లటి స్టీలు బయటపడేది. ఢిల్లీ వజీర్‌పూర్‌లో ఈ రేకులు వేడిమీద సాగదీసే కార్మికులు 2014 జూన్‌లో సమ్మె చేశారు.

తనకు తాను శుభ్రంగా ఉండే లోహం వచ్చింది కాబట్టి గిన్నె చుట్టూ కట్టిన శాస్త్రం కూలిపోవాల్సింది. కూలలేదు. ఇప్పటికీ నైవేద్యానికి స్టీలు పనికిరాదు, అది ఇనుమే కదా అనే ఇళ్లున్నాయి. కానీ ఇంకోవైపు చూస్తే, పల్లెలో స్టీలు చేసిన పని తక్కువ కాదు. ఇత్తడి బిందె కొనలేని కూలి మనిషి స్టీలు చెంబు కొనగలిగింది. పాత చీరలిచ్చి గిన్నె తీసుకుంది, రాలిన తలవెంట్రుకలు దాచి అమ్మి గరిటె తీసుకుంది, వాయిదాల మీద కంచాలు కొంది. మాలపల్లెలో, మాదిగవాడలో ఏ ఇంటికెళ్లినా గోడవార చెక్క మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా బోర్లించిన స్టీలు సామాను కనపడుతుంది. వాటిల్లో సగం వాడరు. వచ్చినవాళ్లకి కనపడాలని పెడతారు. దీన్ని చూసి షోకు అని నవ్వేవాళ్లకి జాను ఊరి కథ చెప్పాలి.

ఊరి నడిబొడ్డున టీకొట్లో మాత్రం కథ వేరు. అక్కడ దళితులకి ఒక గ్లాసు, మిగతావాళ్లకి ఒక గ్లాసు. మనోళ్ల గ్లాసు చూరులోనో గోడ గూట్లోనో ఉంటుంది, ఎవరిది వాళ్లే తీసుకుని తాగి కడిగిపెట్టాలి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం నాలుగో సెక్షన్‌లో, ప్రజల కోసం హోటళ్లలో ఉంచిన పాత్రలు వాడకుండా అడ్డుకోవడం నేరమని విడిగా రాసి ఉంది. 1976లో ఆ చట్టానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. గిన్నె గురించి ఇంత స్పష్టంగా రాయాల్సి వచ్చిన చట్టం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? 2001-02లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 11 రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగిన పరిశోధకులకి అప్పటికీ విడిగ్లాసులు కనపడ్డాయి. తర్వాత వాడి పారేసే కప్పులొచ్చాయి. అందరికీ అదే కప్పు కాబట్టి చాలాచోట్ల రెండు గ్లాసుల గొడవ కళ్లముందు నుంచి పోయింది. పోయిందా, లేక ఎవరు తాగిన గ్లాసు తోమాలనే ప్రశ్న రాకుండా దాటేశారా? నా మటుకు నాకు రెండోదే నిజం అనిపిస్తుంది. దళితుడు తాగిన స్టీలు గ్లాసుని తోమి అదే వరసలో బోర్లించిన రోజునే పతంజలి గీసిన గీత చెరిగినట్టు. కాగితం కప్పు ఆ పని చెయ్యదు.

అంట్లు ఎవరి నీళ్లలో కడుగుతారు అనేది ఇంకో ప్రశ్న. కారంచేడు అక్కడే మొదలైంది. 1985 జులై 16న మాదిగలు తాగునీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెలకి కుడితి పెట్టిన బకెట్టు కడుగుతుంటే ఆ మురికి నీళ్లలోకి పోతోందని కత్తి చంద్రయ్య అడ్డు చెప్పాడు. అతన్ని కొట్టబోయారు. నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్లింది. తన మీదికి వస్తే బిందె ఎత్తింది. మర్నాడు 17న పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. శుభ్రత గురించి మనకి పాఠాలు చెప్పిన సమాజంలో, తాగే నీళ్లని శుభ్రంగా ఉంచమని అడిగింది మాదిగలు. ఈ ఒక్క వాక్యాన్ని పాఠ్యపుస్తకంలో పెట్టించగలిగితే బాగుండు.

పట్నంలో అపార్టుమెంట్లు వచ్చాక పెరడు పోయింది. అంట్లు తోమే చోటు స్టీలు సింకై వంటింట్లోకే వచ్చింది. దాంతో తోమే మనిషి కూడా లోపలికి రావాల్సి వచ్చింది. ఇది మామూలు మార్పు కాదు. ఊళ్లో పెరటి గడప దాటనివ్వని కులాల స్త్రీలు హైదరాబాదులో, విజయవాడలో వంటింటి నడిమధ్యన నిలబడ్డారు. ఫ్రిజ్ తలుపు, పొయ్యి పైనున్న చిమ్నీ, గట్టు, సింకు, అన్నీ స్టీలే. తుడిచేది ఆమె.

ఆ పనిలో ఆమెకున్న తెలివిని ఎవరూ తెలివి అనరు. ఇనుప పీచుతో రుద్దితే స్టీలు గీతలు పడుతుంది, పీచులోంచి రాలిన ఇనుప రజను తర్వాత తుప్పు చుక్కలై కనపడుతుంది. మెరుగుపెట్టిన గీతలు ఎటు పోతే గుడ్డ కూడా అటే పోవాలి, అడ్డంగా పోకూడదు. ఉప్పు, బ్లీచింగు నిలవుంటే ఆ సన్నటి క్రోమియం పొరని తిని గుంటలు పెడతాయి, వాడితే వెంటనే నీళ్లతో కడగాలి. బోరునీళ్ల తెల్లమరకలు సున్నపు మరకలే, నిమ్మచెక్కకో చింతపండుకో లొంగుతాయి. వేలిముద్రలు జిడ్డు, సబ్బునీళ్లకి పోతాయి. చివర్లో పొడిగుడ్డతో తుడవకపోతే మరక మళ్లీ వస్తుంది. రసాయన శాస్త్రం చదివినవాడు చెప్పేదీ ఇదే. కానీ తొందరపెట్టి, నల్లటి మాడు పోలేదని గట్టి పీచు చేతికిచ్చి రుద్దించి, గీతలు పడ్డాయని ఆమె మీదే కేకలేసే ఇళ్లు ఉన్నాయి. బ్లీచింగు స్టీలు పొరని తినేస్తుందని జాగ్రత్తలు చెప్పేవాళ్లు, అది వేళ్ల సందుల్లో చర్మాన్ని ఏం చేస్తుందో అడగరు.

ఇన్ని గిన్నెలు తోమే ఆమెకి టీ ఎందులో ఇస్తారు? చాలా ఇళ్లలో ఒక గ్లాసు, ఒక కంచం విడిగా సింకు కిందనో బాల్కనీ గూట్లోనో పెట్టి ఉంటాయి. అవీ స్టీలే, తోమేది కూడా ఆమే. పతంజలి కూడా ఊహించని మెలిక ఇది. ఆమె తోమిన గిన్నె శుభ్రం, ఆమె తిన్న గిన్నె మాత్రం కాదు. అందుకే పనిలో చేరేటప్పుడు కులం అడుగుతారు, అందుకే పేరు మార్చి చెప్పుకునే అక్కలున్నారు. 2017లో పుణెలో వాతావరణ శాఖలో పనిచేస్తున్న ఒక శాస్త్రవేత్త, వంటమనిషి బ్రాహ్మణ స్త్రీనని అబద్ధం చెప్పి తన ఇంటిని మైలపరిచిందని పోలీసులకి ఫిర్యాదు చేసింది. మబ్బుల్ని కొలిచిన చదువు వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇళ్లలో పనిచేసేవాళ్లని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒప్పందం చేసినప్పుడు భారత్ దానికి అనుకూలంగా ఓటేసింది, ఆమోదముద్ర మాత్రం వెయ్యలేదు. గంటకింత అని కూలి లెక్కకట్టొచ్చు. విడిగ్లాసుని ఏ లెక్కలో వెయ్యాలి? యూనియన్లు పెట్టే మిత్రులు ఈ రెండు ప్రశ్నల్నీ ఒకే కాగితం మీద రాయాలి.

విద్యార్థులకి ఒక పని. ఊళ్లో రాజులకి శాసనాలున్నాయి, దేవుడి ఇత్తడి గంటల మీద దాతల పేర్లున్నాయి. మన వాడల్లో పేర్లు చెక్కింది స్టీలు గిన్నెల మీద. పెళ్లికో, కొత్త ఇంటికో, బాప్తిస్మానికో ఇచ్చిన గిన్నెల మీద కొట్లో మిషనుతో చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు, ఊరు, తేదీ. అమ్మమ్మ పేరు ఓటర్ల జాబితా తప్ప ఇంకెక్కడా రాసి లేని ఇళ్లలో కూడా గిన్నె అడుగున ఉంటుంది. ఇంటింటికీ వెళ్లి అవి చదివి రాసుకురండి. ఎవరు ఇచ్చారు, ఎప్పుడు, ఏ కూలి డబ్బుతో కొన్నారు, దానికి ముందు ఆ ఇంట్లో ఏ పాత్రలుండేవి, అన్నీ అడగండి. అక్షరాల్లో జిడ్డు పట్టి ఉంటే సబ్బునీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఇనుప పీచు పెట్టొద్దు, పేర్లు అరిగిపోతాయి.