చీటీల డ్రా వెనుక నూటయాభై ఏళ్ల కథ

స్కూల్ గేమ్స్ మొదలయ్యాయంటే తుర్కయాంజాల్ చుట్టుపక్కల పీఈటీ సార్లకు బంతి కంటే ముందు చీటీలు కావాలి. పొద్దున వచ్చిన స్కూళ్ల పేర్లు కాగితం ముక్కల మీద రాసి, మడిచి, టోపీలో వేసి, ఓ చిన్నపిల్లాడి చేత తీయిస్తారు. వచ్చిన వరుసలో రెండేసి పేర్లు కలిపి గీతలు గీస్తే ఫిక్చర్ తయారు. ఆరు స్కూళ్లొస్తే రెండింటికి ‘బై’, అంటే మొదటి రౌండు ఆడకుండానే పైకి. బై తగిలిన పిల్లలు ఈలలేస్తారు. గట్టి జట్టు ఎదురుపడిన స్కూలు సారు మాత్రం తల గోక్కుంటారు. తన పిల్లలు భోజనాల వేళకల్లా ఇంటిదారి పడతారని ఆయనకు అప్పుడే తెలిసిపోతుంది.

ఈ నాకౌట్ పుట్టిందీ బడిలోనే. ఇంగ్లండ్‌లోని హారో స్కూల్లో హాస్టల్ హౌస్‌ల మధ్య ఫుట్‌బాల్ పోటీ జరిగేది. ఓడిన హౌస్ తప్పుకోవాలి, చివరికి మిగిలిందే విజేత. అక్కడ చదివిన చార్లెస్ ఆల్కాక్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాక, 1871లో అదే పద్ధతిని దేశమంతటికీ పెట్టించాడు. అదే ఎఫ్‌ఏ కప్. ఒక బడి ఆవరణలో సాఫీగా నడిచింది దేశం మీదికి రాగానే చిక్కుల్లో పడింది. తొలి ఏడు పేరిచ్చిన 15 జట్లలో డానింగ్టన్ గ్రామర్ స్కూల్ ఒకటి. దానికి గ్లాస్గో నుంచి వచ్చే క్వీన్స్ పార్క్‌తో పడింది. ఎక్కడ ఆడాలో తేలక ఇద్దరినీ పై రౌండుకు పంపేశారు. అక్కడా ఆ ఇద్దరికే పడింది, ఈసారి స్కూలు తప్పుకుంది. క్వీన్స్ పార్క్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా సెమీఫైనల్‌కు చేరింది. లండన్‌లో వాండరర్స్‌తో 0-0గా ముగించింది. మళ్లీ ఆడేదాకా ఉండటానికి డబ్బుల్లేక వెనుదిరిగింది. 1872 మార్చి 16న వాండరర్స్ 1-0తో కప్పు పట్టుకుపోయింది. మన మండల పోటీల్లో జరిగే రభసలన్నిటికీ మొదటి ఏడాదే నమూనా దొరికిందన్నమాట.

డ్రాలో లోపం ఎక్కడుందో లెక్కగట్టి చెప్పినవాడు ఓ కథకుడు. ‘ఆలిస్’ కథల లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్‌సన్, వృత్తి లెక్కల పాఠం. టెన్నిస్ టోర్నీల తీరు చూసి ఒళ్లుమండి 1883లో చిన్న పుస్తకం వేశాడు. 32 మంది ఆడే నాకౌట్‌లో నిజంగా రెండో స్థానానికి తగినవాడికి ఆ బహుమతి దక్కే అవకాశం 31లో 16 వంతులే అన్నాడు. కారణం తేలికే. మొదటివాడు ఉన్న సగంలోనే తనూ పడితే ఫైనల్ ముందే ఓడిపోతాడు. బై సంగతీ అప్పుడంతే. 1877 తొలి వింబుల్డన్‌లో సెమీస్‌కు ముగ్గురు మిగిలితే, మార్షల్ అనే ఆయన ఆడకుండానే ఫైనల్‌కు వెళ్లాడు. బైలన్నీ మొదటి రౌండులోనే తీర్చేయాలన్న నియమం 1880లలో వచ్చింది. మేటి ఆటగాళ్లను ముందే వేరువేరు సగాల్లో పెట్టే సీడింగ్ వింబుల్డన్‌కు పూర్తిగా వచ్చింది 1927లో.

సీడింగ్ ఇచ్చినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. 1954 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో సీడ్లను పేరు చూసి ముందే ఖాయం చేశారు. స్పెయిన్‌ను లాటరీలో దాటి వచ్చిన టర్కీకి స్పెయిన్ సీడే దక్కింది. సీడు లేని పశ్చిమ జర్మనీ టర్కీని రెండుసార్లు ఓడించి కప్పే గెలిచింది. అమెరికాలోని ఒహాయో ఇంకో దారి పట్టింది. అక్కడి హైస్కూళ్లు ఆడేది వేరే రకం ఫుట్‌బాల్. 1972లో ప్లేఆఫ్స్ మొదలుపెట్టినప్పటి నుంచి వాటికి జట్లను ఎంచడానికి హార్బిన్ పాయింట్లు లెక్కేస్తారు. గెలిచినందుకు కొన్ని పాయింట్లు, నువ్వు ఓడించిన జట్టు మిగతావాళ్లను ఓడిస్తే మరికొన్ని. అల్లాటప్పా జట్లను ఏరుకుని గెలిస్తే లాభం తక్కువ.

మన దగ్గర స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో ఏర్పడింది. మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్లున్నాయి గానీ పైకి వెళ్లేకొద్దీ స్కూలు పేరు మాయమవుతుంది. ఎంపికైన పిల్లలే జిల్లాకూ రాష్ట్రానికీ ఆడతారు. స్కూలు స్కూలుగానే ఢిల్లీ దాకా వెళ్లే దారి సుబ్రతో కప్ ఫుట్‌బాల్. వైమానిక దళం 1960 నుంచి నడుపుతోంది. ఈ రెండో దారిలో ఎవరు ఎవరితో పడ్డారన్నది ప్రాణం మీదికి వస్తుంది, ఓడితే బాగా ఆడిన పిల్లాడికి కూడా మరో గుమ్మం ఉండదు.

మ్యాపు మారినా డ్రా మారుతుంది. తుర్కయాంజాల్ ఒకప్పుడు హయత్‌నగర్ మండలం. 2016 పునర్విభజనతో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలోకి, ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజన్‌లోకి వచ్చింది. అప్పుడే మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు కలిసి రంగారెడ్డి జిల్లా 27 మండలాలైంది. 27 జట్లకు నాకౌట్ వేస్తే 26 మ్యాచ్‌లు, అయిదు బైలు. ఆ అయిదూ ఇప్పటికీ చీటీల చేతిలోనే!

టోర్నీ నియమాలే ఆటను మారుస్తాయన్నది హైదరాబాద్‌కు కొత్త పాఠమేమీ కాదు. 1951, 1962 ఏషియాడ్‌లలో దేశానికి స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ స్వతహాగా బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో ఆయన టోర్నీలే పెట్టించారు. పాస్ ఇవ్వడం పిల్లలకు వాటితోనే అబ్బింది. టోర్నీకి రాసే నియమం కూడా కోచింగే అని ఆయనకు తెలుసు.

నా లెక్క ఇది. ఆరు స్కూళ్లొస్తే నాకౌట్‌కు 5 మ్యాచ్‌లు, కానీ నాలుగు స్కూళ్ల దాకా ఒక్క ఆటతోనే వెనక్కి పోవచ్చు. మూడేసి జట్ల రెండు గ్రూపులు చేసి, ఈ గ్రూపు ఫస్టుకు ఆ గ్రూపు సెకండ్‌తో సెమీస్ పెడితే మొత్తం 9. టైము కుదిస్తే రెండు పూటల పని, ప్రతి స్కూలుకూ కనీసం రెండు మ్యాచ్‌లు. నిరుడు ఫైనల్ ఆడిన రెండింటినీ చెరో గ్రూపులో పెట్టాలి, మిగతావాటికి చీటీలు తీయవచ్చు. మూడు జట్ల గ్రూపులో ఒకరు ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది. 1982 ప్రపంచకప్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1-0తో సర్దుకుని, ముందురోజే ఆట ముగించుకున్న అల్జీరియాను ఇంటికి పంపింది ఇలాంటి సందులోనే. అందుకే మొదటి మ్యాచ్ ఓడినవాళ్లే రెండోది ఆడాలి. పాయింట్లు సమానమైతే ముందు ముఖాముఖి ఫలితం, తర్వాతే గోల్స్ తేడా. అదీ మ్యాచ్‌కు నాలుగు గోల్స్‌కు మించి లెక్కేయొద్దు. లేకుంటే కొత్తగా ఆట మొదలెట్టిన స్కూలు మీద డజను గోల్స్ కొట్టడమే వ్యూహమైపోతుంది.

పీఈటీ, పీడీ సార్లకు ఒక్క మనవి. ఈ ఏడు చీటీలు తీసే ముందే బైలు ఎవరికో, పాయింట్లు సమానమైతే ఏం చేస్తారో ఓ కాగితం మీద రాసి గోడకు అంటించండి.