షికారు అన్యదేశ్యమేనా?

"మనసేం బాగోలేదు, అలా షికారు కెళ్ళొస్తే కాస్త హుషారొస్తుంది." ఈ మాట తెలుగునాట ఎవరైనా అంటారు. శాస్త్రిగారూ అంటారు, రెడ్డిగారూ అంటారు, మాలపల్లె కుర్రాడూ అంటాడు. అన్నవాళ్ళెవరికీ తాము పరాయి మాట వాడుతున్నామన్న ఆలోచనే రాదు. రానక్కర్లేదు కూడా. కానీ ఆ వాక్యాన్ని ఒక్కసారి విప్పి చూడండి. మనసు సంస్కృతం నుంచి వచ్చింది. షికారూ హుషారూ ఫారసీ నుంచి వచ్చాయి. వెళ్ళడం, రావడం అచ్చంగా తెలుగువి. ముగ్గురు కలిస్తేగాని ఆ వాక్యం ముందుకు నడవదు.

అయితే బడిలో తెలుగు పాఠం దగ్గరికి వచ్చేసరికి ఈ ముగ్గురికీ ఒకే పీట వెయ్యరు. సంస్కృతం నుంచి వచ్చింది తత్సమం, తద్భవం. అంటే ఇంటి మనిషి. అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చింది అన్యదేశ్యం. అంటే వచ్చి పోయేవాడు. వచ్చి ఎన్నాళ్ళయింది, ఎంత పని చేశాడు, పిల్లాజెల్లా ఇక్కడే పుట్టి పెరిగారా లేదా అన్న విచారణ ఉండదు. నాలుగు వందల ఏళ్ళు తెలుగు నోట నానినా షికారు అన్యదేశ్యమే. సి.పి.బ్రౌన్ అంతటి తెలుగు ప్రేమికుడు కూడా 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేసి, తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటల కోసం 1854లో ఇంకో నిఘంటువు విడిగా వేశాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కచేరీల్లో నలిగే మాటలు అర్థం కాక తికమకపడే వాళ్ళ కోసం చేసిన పని అది. కానీ మాలాంటి వాళ్ళకు ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన చూస్తే ఊళ్ళో మా మొహల్లా గుర్తొస్తుంది. ఊరు ఒకటే, కానీ మా ఇళ్ళు విడిగా.

షికారు కథ ఇంకా విచిత్రం. ఉర్దూలో షికార్ అంటే వేట. ఇప్పటికీ అంతే. సరదా నడకకు మా ఇళ్ళలో సైర్ అంటాం, చెహల్‌ఖదమీ అంటాం. చెహల్ అంటే నలభై, ఖదమ్ అంటే అడుగు. నాలుగడుగులు వేసొద్దాం అని తెలుగువాడు అంటే, మేం నలభై అడుగులు వేసొద్దాం అంటాం. హవాఖోరీ అని ఇంకో మాట ఉంది, గాలి తినడం. మరి తెలుగువాడు ఏం చేశాడు? వేటకు బయలుదేరిన నవాబునో జమీందారునో చూసి, ఆ మాట పట్టుకుని, అందులోంచి తుపాకీ తీసి పారేశాడు. నెత్తురు కడిగేశాడు. మిగిలింది బయలుదేరడం, చల్లగాలి, చెట్ల నీడ. దాన్నే షికారు అన్నాడు. హుషారు కూడా అంతే. ఉర్దూలో హోషియార్ అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకున్నవాడు, తెలివైనవాడు. తెలుగులో అది ఉల్లాసమైంది. తమాషా మాట అరబ్బీ మూలంలో కలిసి నడవడం అన్న అర్థం ఉంది. ఫారసీలో అది చుట్టూ తిరిగి చూడడమైంది, మన దగ్గరికొచ్చి వేడుకైంది. పరాయి మాటను ఇంత మార్చుకుని, ఇంత సొంతం చేసుకున్నాక ఇంకా అన్యదేశ్యం అనడం న్యాయమేనా?

ఈ మాటలు గాలికి కొట్టుకు రాలేదు. 1570ల్లో గోల్కొండ సైన్యం గోదావరి దాటి కళింగాంధ్ర తీరం దాకా వెళ్ళింది. శ్రీకాకుళం ఫౌజుదారీకి ముఖ్యపట్టణమైంది. సర్కారు, జమీందారు, జిల్లా, తహసీలు, రైతు, ఇవన్నీ ఆ దారిన వచ్చినవే. చివరికి ఏజెన్సీ కొండల్లో ముఠాదారు అన్న మాటలో కూడా ఫారసీ తోక ఉంది. ఇది రాజుల చరిత్ర. దీన్ని చెప్పుకుని మురిసిపోవడం నా ఉద్దేశం కాదు. గోల్కొండ నవాబులు మా తాతలు కారు. మా తాతలు దూది ఏకిన వాళ్ళు, మగ్గం నేసిన వాళ్ళు, తోళ్ళు అమ్మిన వాళ్ళు, ఈ నేల కులాల్లోంచే కలిమా చదివిన వాళ్ళు. నవాబుల వైభవం మాకు దక్కలేదు. నవాబుల మీది కోపం మాత్రం ఇప్పటికీ మా మీద పడుతోంది.

అయినా ఆ రాజుల కాలంలో జరిగిన ఒకటి రెండు పనుల్ని మన తెలుగు చరిత్రకారులు పక్కకు నెట్టకుండా చెప్పాలి. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. సంస్కృతం తగలకుండా రాసిన తొలి అచ్చ తెలుగు కావ్యం, పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర, అంకితం పుచ్చుకున్నది అమీన్ ఖాన్ అనే ముస్లిం అధికారి. అచ్చ తెలుగుకు మొదటి ఆసామీ ఒక తురకవాడు! ఈ ముక్క ఎన్ని పాఠ్యపుస్తకాల్లో ఉంది?

ఇబ్రహీం కొడుకు మహమ్మద్ కులీ 1591లో హైదరాబాదు కట్టాడు. కట్టి ఊరుకోలేదు. ఆ ఊరి రుతువుల మీద దక్కనీలో కవిత్వం రాశాడు. ఈద్ మీదా రాశాడు, షబెబరాత్ మీదా రాశాడు, తొలకరి మీదా రాశాడు, బసంత్ మీదా రాశాడు. 1940లో డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాదరీ జోర్ ఆయన కుల్లియాత్‌ను సంపాదకత్వం చేసి అచ్చువేయించారు. ఫారసీ కవులకు వసంతమంటే బహార్. గులాబీ, బుల్‌బుల్, ఇరాన్ తోట. కులీ బహార్‌తో సరిపెట్టుకోకుండా బసంత్ అన్నాడు. ఈ మట్టి మాట అన్నాడు. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గాలో ఈనాటికీ పసుపు పూలతో బసంత్ జరుగుతుంది. వసంతానికి మతం అంటగట్టేవాళ్ళు ఈ రెండింటినీ దాచిపెట్టాల్సి ఉంటుంది.

మాకు రుతువులు లేవని ఒక ఆరోపణ ఉంది. మా పండుగలు ఈ నేల పంటలతో, పూతలతో ముడిపడవట. నిజమే, మా నెలలు చంద్రుడివి, ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. ముప్ఫై మూడేళ్ళలో రంజాన్ అన్ని రుతువుల్నీ చుట్టివస్తుంది. దీన్ని రుతువు లేకపోవడమని ఎందుకనుకోవాలి? అన్ని రుతువులూ ఉండడమని అనుకోవచ్చుగా! మండుటెండలో రోజా ఉన్నవాడికీ చలికాలంలో రోజా ఉన్నవాడికీ ఈ నేల వాతావరణం ఎవరూ నేర్పనక్కర్లేదు. 2025లో మార్చి 30న ఉగాది, 31న ఈద్. మా గల్లీలాంటి గల్లీల్లో ఒకరోజు వేపపువ్వు పచ్చడి గిన్నె ఈ గుమ్మం దాటింది, మర్నాడు షీర్‌ఖుర్మా గిన్నె ఆ గుమ్మం దాటింది. వార్తల్లోకి రాలేదు, ఎందుకంటే ఏ గొడవా జరగలేదు.

ఇక అనంతగిరి సంగతికి వస్తాను. తెలుగునాట అనంతగిరి పేరు ఒక్కచోటే లేదు. వికారాబాదు దగ్గర అనంతగిరిలో మూసీ పుడుతుంది, వెళ్ళి హైదరాబాదును తడుపుతుంది. తూర్పు కనుమల అనంతగిరి కొండల్లో గోస్తనీ పుడుతుంది, బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి జలాశయమై, విశాఖపట్నం గొంతు తడుపుతుంది. నగరంలో మనం తిరిగే తోటల పచ్చదనం ఇలాంటి కొండల నుంచి దిగివచ్చిందే. నేను మాట్లాడేది ఈ రెండో అనంతగిరి గురించి. 2022 నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది.

విశాఖ పాతపట్నంలో హార్బరు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇస్‌హాక్ మదనీ దర్గా. మార్చి నెల పొద్దున్న సముద్రపు గాలిలో ఈ మూడూ ఎక్కి దిగితే ఎంతటి దిగులైనా సగం దిగిపోతుంది. అక్కడి నుంచి కిరండూల్ బండెక్కితే ఇంకో లోకం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960ల్లో వేసిన దారి అది. యాభైకి పైగా సొరంగాలు. ఖనిజం కోసం వేసిన దారిలో ఇప్పుడు షికారు జనం వెళుతున్నారు.

చైత్రంలో అక్కడ ఆదివాసుల ఇటుకల పండుగ. కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, భగతలు విత్తనాలకు మొక్కి, మగవాళ్ళు వేటకు వెళతారు. ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే వాళ్ళ దగ్గర నవ్వుతూ డబ్బులు వసూలు చేస్తారు. రాత్రి థింసా. చూశారా, ఉర్దూ షికార్ అంటే వేట, తెలుగు షికారు అంటే నడక. రెండు అర్థాలూ ఒకే కొండ మీద ఒకే నెలలో ఎదురుపడతాయి. పట్నం నుంచి వెళ్ళినవాడు షికారులో ఉంటాడు, కొండమీది మనిషి షికార్‌లో ఉంటాడు. మధ్యలో ఆ దుంగ. ఆగి డబ్బిచ్చి వెళ్ళాలి. ఈ దారి ఎవరిదో ఆ దుంగ ఏడాదికొకసారి గుర్తు చేస్తుంది.

ఆ నెలలోనే నాలుగు చినుకులు పడితే సిల్వర్ ఓక్ చెట్ల కింద, మిరియాల తీగల పక్కన కాఫీ పూస్తుంది. కొమ్మ కొమ్మంతా తెల్లగా, మల్లెల వాసనతో, మూడు నాలుగు రోజులు. ఇది కూడా అన్యదేశ్యమే! మాటా అన్యదేశ్యం, మొక్కా అన్యదేశ్యం. అరబ్బీ ఖహ్వా కాఫీ అయింది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రంతా జిక్ర్ చేయడానికి నిద్ర ఆపుకోవాలని తాగిన కషాయం అది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు హజ్ నుంచి తిరిగొస్తూ యెమెన్‌లో ఏడు గింజలు దాచి తెచ్చి కర్ణాటకలో చిక్కమగళూరు కొండల్లో నాటాడని పరంపరగా చెప్పుకుంటారు. మన దేశంలో కాఫీ కథ ఆయన పేరుతోనే మొదలవుతుంది. ఆ కొండలకు ఇప్పటికీ బాబా బుడన్‌గిరి అని పేరు. 1898లో పాములేరు లోయలో ఒక ఆంగ్లేయుడు కాఫీ వేశాడు, 1920ల నాటికి అది అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. స్వాతంత్ర్యం వచ్చాక అటవీశాఖ, ఆ తర్వాత ఐటీడీఏ ద్వారా ఆదివాసీ రైతులు చేపట్టారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అరబికా అన్న పేరులోనే అరబ్బు దేశం ఉంది, అయినా అది అరకుది. ప్రభుత్వమే ముద్ర వేసి చెప్పింది. మొక్క విషయంలో ఇంత సులువుగా ఒప్పుకున్న సంగతి మనిషి విషయంలో ఎందుకు ఒప్పుకోరు? బాబా బుడన్‌గిరి మీద హిందువులూ ముస్లింలూ తరతరాలుగా కలిసి మొక్కిన చోటును ఒక్కరిదే చేయాలని 1990ల నుంచి ఉద్యమం నడిచింది. గింజ తెచ్చినవాడి కాఫీ కావాలి, ఆయన గుర్తు మాత్రం అక్కర్లేదు.

ఇక్కడే మావాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. అనంతగిరిలో మేం ఎవరం? సంతల్లో సరుకు అమ్ముకోవడానికి వెళ్ళే ముస్లిమైనా, వడ్డీకిచ్చే కోమటయినా, మేడ కట్టే రాజుగారయినా ఆ కొండల్లో గిరిజనేతరులే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని గట్టిపరిచిన 1970 నాటి 1/70 చట్టం మతం అడగవు. ఆదివాసి భూమి ఇతరులకు పోరాదు, అంతే. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ గ్రామాల్లోనే ప్రభుత్వం గనుల కంపెనీలకు లీజులిచ్చింది. సమత సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ చట్టం కింద గిరిజనేతరుడే, ఆదివాసీ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడానికి దానికి అధికారం లేదని తీర్పు చెప్పింది. ఇద్దరు న్యాయమూర్తులు అటు, ఒకరు ఇటు. ఆ ఇద్దరిలో ఒకరు జస్టిస్ సగీర్ అహ్మద్. దేశమంతా మమ్మల్ని బయటివాళ్ళంటోంది కాబట్టి మేం ఎక్కడా బయటివాళ్ళం కామని వాదిస్తే కుదరదు. ఆ కొండల్లో మేం బయటివాళ్ళమే, అతిథులమే. వేళ్ళు దిగడం వేరు, ఆక్రమించడం వేరు. కాఫీ మొక్క అక్కడి చెట్టు నీడ అడిగి బతికింది, చెట్టును కొట్టి బతకలేదు. మా హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా మేం కూడా పాటించాలి.

షికారుకు ఒక్కటే పెట్టుబడి కావాలి. భయం లేకపోవడం. వెనకాల ఎవరైనా వస్తున్నారా అని చూసుకుంటూ నడిచేదాన్ని షికారు అనరు. 1990 డిసెంబరులో హైదరాబాదు పాతనగరంలో కర్ఫ్యూ మధ్య పాలకోసం గడప దాటడానికి భయపడ్డ వాళ్ళకు ఈ సంగతి తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకొచ్చిన వాళ్ళు చనిపోతే, అనుమానంతో పట్టుకుపోయింది ముస్లిం యువకుల్నే. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. చార్మినారు పక్కన సాయంత్రం పూట నలభై అడుగులు వేసే ధైర్యం వాళ్ళకు ఎవరు తిరిగిస్తారు? అదే ఏడాది ఆగస్టులో అనంతగిరికి పడమట, జి.మాడుగుల మండలం వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు పోలీసుల మీద అత్యాచార ఆరోపణ చేశారు. 2023లో కోర్టు నిందితుల్ని విడిచిపెడుతూ, దర్యాప్తు సరిగా జరగలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వమంది. తమ పొలంగట్టు మీద తాము భయం లేకుండా నడవడం వాళ్ళకూ అందని సంగతే. పాతబస్తీ గల్లీకీ వాకపల్లి కాలిబాటకూ ఉన్న చుట్టరికం ఇదే.

అందుకే వసంతంలో మీ ఊళ్ళో షికారుకు వెళ్ళమని చెప్పేవాళ్ళంటే నాకు కోపం లేదు. వెళ్ళాలి. మనసు తేలికపడుతుంది, ఒంటికి మంచిది. వెళ్ళేటప్పుడు మీ ఊళ్ళో ఏ వీధి దాకా వెళ్ళి వెనక్కి తిరుగుతున్నారో చూసుకోండి. ఈ వసంతానికి ఆ మూల కూడా తిరిగి, మా గల్లీలోకీ రండి. మేమూ మీ వీధికి వస్తాం. వచ్చిన వాడి పేరడిగి, ఇంటిపేరడిగి, గడ్డం చూసి ఆపకండి. షికారు మాటను ఏ అనుమానం లేకుండా నోట్లో పెట్టుకున్న వాళ్ళు మనిషిని వీధిలోకి రానివ్వలేరా?