వేగం తగ్గిన ప్రాసెసరు - లోపమా, జాగ్రత్తా?

కంప్యూటరు పెట్టె మీద రాసిన వేగం ఒకటి, తెర మీద కనిపించే వేగం మరొకటి. అది చూడగానే "దుకాణదారు మోసం చేశాడా?" అన్న అనుమానం మీకు కలగడం సహజం. అయితే ఈ తేడా పర్సనల్ కంప్యూటరుతో పాటే పుట్టిందని మీకు తెలుసా?

1981 ఆగస్టులో వెలువడిన తొలి ఐ.బి.ఎం. పి.సి.లోని ఇంటెల్ 8088 ప్రాసెసరు 5 మెగాహెర్ట్జ్ వేగానికి తగినది. కాని దాన్ని నడిపింది 4.77 మెగాహెర్ట్జ్‌తోనే. కారణం పొదుపు. 14.318 మెగాహెర్ట్జ్ స్ఫటికం ఒక్కటే పెట్టి, దాన్ని నాలుగుతో భాగించి అమెరికా కలర్ టీవీ సంకేతానికీ, మూడుతో భాగించి ప్రాసెసరుకూ వాడుకున్నారు.

తర్వాత 8 మెగాహెర్ట్జ్ యంత్రాలు వచ్చాయి. పాత ఆటలు కొన్ని ప్రాసెసరు వేగాన్నే గడియారంగా నమ్ముకున్నవి కావడంతో, వాటిలో బొమ్మలు అందనంత వేగంగా పరుగెత్తాయి. అందుకే 'టర్బో' మీట పెట్టారు. పేరు టర్బో, అసలు అవసరం వేగం తగ్గించడం!

1992లో 486డి.ఎక్స్.2తో గుణకారం మొదలైంది. బోర్డు వేగం 33, దానికి రెండు రెట్లు 66. 2001 నాటి ఎ.ఎం.డి. అథ్లాన్ ఎక్స్.పి. 1800+ అసలు వేగం 133 x 11.5, అంటే సుమారు 1533 మెగాహెర్ట్జ్. బోర్డు అమరిక 100 దగ్గర ఉండిపోతే అది 1150కి పడిపోతుంది. ఏదీ చెడిపోకుండానే పావు వంతు వేగం పోయిందన్నమాట!

2000 నుంచి కథ మారింది. ప్రాసెసరు వాడే విద్యుత్తు దాని వేగాన్ని బట్టీ, వోల్టేజీ వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. అందుకని ఆ ఏడు ఇంటెల్ 'స్పీడ్‌స్టెప్' ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడు 650 మెగాహెర్ట్జ్‌ను 500కి దించింది. అదే ఏడాది వచ్చిన పెంటియం 4 వేడి హద్దు దాటితే తనంతట తానే నెమ్మదించేది.

మరి మీ యంత్రం సంగతి? ముందు దానికి పని చెప్పి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు వేగం తగ్గడం పొదుపే, జబ్బు కాదు. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి, విద్యుత్ పొదుపు అమరిక చూడండి. మొదట పూర్తి వేగంతో నడిచి, కాసేపటికి తగ్గితే వేడిని అనుమానించాలి. దక్షిణ బస్తరులోని తర్రెంలో గాని, గోదావరి ఒడ్డున గాని మే నెలలో 42 డిగ్రీలు వింత కాదు. 25 డిగ్రీల గదితో పోలిస్తే, ఫ్యాను వేగం అంతే ఉంటే, చిప్ వేడి కూడా దాదాపు 17 డిగ్రీలు పెరుగుతుంది. దుమ్ము దులపండి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి, ఎండిపోయిన పేస్టు మార్పించండి. పాత యంత్రంలో మొదటి నుంచీ వేగం తక్కువగా ఉండి, తేదీ కూడా తప్పుతుంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. దాన్ని మార్చి, అమరికలు సరిచేయండి.

కొత్త కంప్యూటరుకు వేలు ఖర్చు పెట్టే ముందు ఈ పరీక్షలన్నీ చేయండి. పాతదానికి కావలసింది ఒక చిన్న బిళ్లో, కాస్త గాలో కావచ్చు.