పాతబస్తీలో పిల్లికి పరీక్ష

హైదరాబాద్ పాతబస్తీలో వైద్యం అందుకున్న జంతువుల వరసలో పిల్లిది చిట్టచివరి చోటు. కుతుబ్‌షాహీ, ఆసఫ్‌జాహీ కాలాల్లో ముందు నిలిచింది గుర్రం. సైన్యానికీ సవారీకీ అదే ఆధారం కాబట్టి దాన్ని చూడడానికి సాలోత్రి ఉండేవాడు. నడక, కన్ను, లద్దె, ఊపిరి చూసి రోగం పోల్చుకోవడమే అతని పరీక్ష. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుల్‌షిఫా మనుషుల దవాఖానా. పిల్లి ముట్టిన నీరు అపవిత్రం కాదని హదీసు చెప్పడంతో ముస్లిం ఇళ్లలో దానికి చనువు దక్కింది గానీ, వైద్యం మాత్రం ఖరీదు గల జంతువుకే.

హైదరాబాద్ వైద్య చరిత్రలో పిల్లి కనిపించే తొలి సందర్భాల్లో ఒకటి దానికి మేలు చేసింది కాదు. మూసీకి ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్ దవాఖానాలో పనిచేసిన వైద్యుడు ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాంతో మత్తు ఇచ్చేటప్పుడు నాడిని కాక శ్వాసను గమనించాలని వాదించాడు. అది తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లోనూ 1889లోనూ క్లోరోఫాం కమిషన్లు నడిచాయి. రెండోదానికి లండన్ నుంచి వైద్యుడు లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు, కుందేళ్లతోపాటు పిల్లులూ ప్రయోగాల బల్లమీదికి ఎక్కాయి.

అదే కాలంలో గుర్రాల గ్లాండర్స్ రోగానికి మాలిన్ పరీక్ష వచ్చింది. రోగం మనుషులకూ అంటుతుంది, అప్పట్లో మందు లేదు. అందుకే బ్రిటిష్ ఇండియాలో 1899 చట్టం రోగం తేలిన గుర్రాన్ని చంపించే ఏర్పాటు చేసింది. పరీక్ష చేయాలా వద్దా అన్నది యజమాని చేతిలో లేని విషయం. 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద పశువైద్య కళాశాల మొదలయ్యాక కూడా చూపంతా పాడి మీదా, మంద మీదా ఉండేది. పశువులను ఊడ్చేసిన ముసర రోగం ముందు పిల్లి సంగతి ఎవరికి పట్టింది!

పిల్లి రోగాల శాస్త్రం వేరేచోట పెరిగింది. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం పిల్లుల లుకేమియా వైరస్‌ను, 1986లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం వాటి రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌ను గుర్తించాయి. పాతబస్తీ ఇళ్లలోనూ ఇష్టంగా పెంచే పర్షియన్ జాతికి మూత్రపిండాల్లో నీటితిత్తులు వంశపారంపర్యంగా వస్తాయి. కారణమైన జన్యులోపం 2004లో తేలింది. అయితే దాన్ని మాన్పే మందు లేదు. కాబట్టి ఆ జన్యుపరీక్ష పిల్లలు పుట్టించాలనుకునేవారికి తప్పనిసరి, ముసలి పిల్లి యజమానికి అంతగా అక్కర్లేదు.

ఇప్పుడు స్కాన్, ఎక్స్‌రే కావాలంటే మూసీ దాటి నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల దాకా వెళ్లవచ్చు. అంతకుముందు రక్తం, మూత్రం చూస్తే చాలావరకు దారి తెలుస్తుంది. అయితే మూత్రపిండాలు సుమారు ముప్పాతిక వంతు దెబ్బతిన్నాకే రక్తంలో క్రియాటినిన్ స్పష్టంగా పెరుగుతుంది, అందుకే మామూలు ఫలితం పూర్తి భరోసా కాదు. ముసలి పిల్లికి లోపం బయటపడ్డాక తిండి మార్చడం, నీరు ఎక్కించడం ఎలాగూ చేయాల్సినవే. ఆపై పరీక్ష వాటిని మార్చేలా లేకపోతే అక్కడ ఆగడంలో తప్పులేదు. జ్వరంతో పొట్ట ఉబ్బిన కూన సంగతి వేరు. అది పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే పెరిటొనైటిస్ కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లోనూ ఆ వైరస్ యాంటీబాడీలు కనిపిస్తాయి కనుక రక్తపరీక్ష ఒక్కటే చాలదు, పొట్టలోని నీరు తీసి చూడాలి. ఒకప్పుడు ఆ పరీక్ష చావు కబురు చెప్పడానికే పనికొచ్చేది. 2019లో పెడర్సన్ బృందం జీఎస్-441524 మందుతో చాలా పిల్లులను బతికించినట్టు ప్రకటించాక, ఆ నీటిని పరీక్షకు పంపడానికి అయ్యే ఖర్చుకు అర్థం వచ్చింది.